గిట్టల నొప్పితో ఉన్న గుర్రానికి చికిత్స బూట్లు: ఏ రకం, ఏ కొలత?

భీమిలి దారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే దారిలో మాకు చిన్న గుర్రాల శాల ఉంది. సాయంత్రాలు బీచ్‌లో స్వారీకీ, ముహూర్తాల రోజుల్లో పెళ్ళి ఊరేగింపులకీ గుర్రాలను పంపుతుంటాం. వాటిలో పన్నెండేళ్ళ ఆడగుర్రం ఒకటి కొంతకాలంగా ముందు కాళ్ళను బాగా చాచి, బరువంతా వెనుక కాళ్ళ మీద వేసి నిలబడుతోంది. ఇసుకలో ఒక మాదిరిగా నడుస్తుంది గానీ సిమెంటు నేల మీదికి రాగానే జంకుతుంది, మలుపు తిప్పితే మరీ ఇబ్బంది పడుతుంది. పశువైద్యులు వచ్చి, గిట్టకు కాస్త పైన కాలి వెనుక నాడి బలంగా కొట్టుకోవడం మా చేతికి కూడా తెలిసేలా చూపించి, ఇది లామినైటిస్, అంటే గిట్ట లోపలి పొరల వాపు అని చెప్పారు. మందులు మొదలయ్యాయి. పని పూర్తిగా ఆపేశాం. రెండు ముందు కాళ్ళకూ ఎక్స్‌రే తీయించాల్సి ఉంది.

మెత్తటి అడుగున్న చికిత్స బూట్లు తెప్పిస్తే ఉపశమనం ఉంటుందని వారే సూచించారు, కానీ ఏ రకమో నిర్ణయించుకోవడం మాకు కష్టంగా ఉంది. సాఫ్ట్‌రైడ్ బూట్లలో జెల్ అడుగు ఉంటుంది, ఈజీకేర్ వారి క్లౌడ్ బూట్లలో ఫోమ్ ప్యాడ్ ఉంటుంది. కవాలో, స్కూట్ బూట్ వంటి స్వారీ బూట్లు కొని లోపల ప్యాడ్ వేసుకుంటే తర్వాత స్వారీకి కూడా పనికొస్తాయని మరొకరు అంటున్నారు. ఇవన్నీ విదేశాల నుంచి రావలసినవే కాబట్టి కొలత తప్పితే వెనక్కి పంపడం దాదాపు అసాధ్యం. పైగా మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ, వానాకాలం మొదలైంది. ఇలాంటి వాతావరణంలో రోజంతా బూట్లు వేసి ఉంచవచ్చా? ఇప్పుడున్న ఇనుప నాడాలను తీసేయాలా, ఉంచాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నాడాల పని (జవాబు)

భీమిలి దారి గారికి, నేను గిట్టలు చెక్కి నాడాలు కొట్టే వృత్తిలో ఉన్నాను. మీరు అడిగిన చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. నాడా బరువును గిట్ట గోడ మీదికి నెడుతుంది. లామినైటిస్‌లో దెబ్బతినేది సరిగ్గా ఆ గోడనూ లోపలి ఎముకనూ పట్టి ఉంచే పొరలే, మన వేలికి గోరూ చర్మమూ అతుక్కుని ఉన్నట్టు ఉండే బంధం అది. కాబట్టి వైద్యులు వద్దనకపోతే నాడాలు తీయించండి. అయితే పట్టకారుతో ఒక్క ఊపున పెరికే పద్ధతి ఈ గుర్రానికి పనికిరాదు. మేకుల మడతలు విప్పి, ఒక్కొక్క మేకునూ విడిగా లాగాలి, గుర్రం మెత్తటి నేల మీద నిలబడి ఉండాలి. ఒక కాలు ఎత్తితే రెండో నొప్పి కాలి మీద బరువు పడుతుంది కాబట్టి మధ్యలో దించి విరామం ఇవ్వాలి.

నాడా తీసిన తర్వాత గిట్ట చెక్కించి, ఆ తర్వాతే కొలత తీసుకోండి. పెరిగిన గిట్టను కొలిచి తెప్పించిన బూటు, చెక్కిన మర్నాటి నుంచే వదులైపోతుంది. రెండు కొలతలు కావాలి. గిట్ట అడుగున అన్నింటికంటే వెడల్పైన చోట అడ్డంగా ఒకటి, గిట్ట ముందు కొన నుంచి రెండు మడమలూ నేలకు ఆనే చివరి గీత దాకా నిలువుగా ఒకటి. చాలామంది రెండోదానిని మడమల వెనుక ఉబ్బెత్తుగా కనిపించే మెత్తటి భాగం దాకా కొలుస్తారు. అది కలిస్తే ఒక సైజు పెద్దది వస్తుంది. కొలతలను మిల్లీమీటర్లలోనే రాయండి, రెండు కాళ్ళనూ విడివిడిగా కొలవండి, టేపు ఆన్చి ఉండగానే ఫోటో కూడా తీసి ఉంచండి. అమ్మేవారికి ఆ ఫోటో పంపితే వారే సరిచూసి చెబుతారు.

వ్యాధి ముదిరిన గుర్రాలకు గిట్ట ముందు భాగం సాగి, పొడవు వెడల్పు కంటే ఎక్కువగా వస్తుంది. అలాంటప్పుడు పట్టికలో పొడవును చూసి పెద్ద బూటు తీసుకుంటే పక్కలు వదులై, నడిచేటప్పుడు బూటు తిరిగిపోతుంది. ముందు కొనను వెనక్కి తెచ్చేలా చెక్కించడమే సరైన మార్గం. స్వారీ బూట్లలో సన్నని గిట్టలకు వేరే నమూనాలు ఉన్నాయి, ఉదాహరణకు కవాలో వారు మామూలు నమూనాతో పాటు స్లిమ్ అని మరొకటి ఇస్తారు. రెండు సైజుల మధ్య పడితే, చికిత్స బూటు విషయంలో నేను పెద్దదానికే మొగ్గుతాను, ఎందుకంటే ప్యాడ్‌కీ, అవసరమైతే కట్టుకీ లోపల చోటు కావాలి. స్వారీ బూటు మాత్రం బిగుతుగానే ఉండాలి.

ఇక స్వారీ బూటులో ప్యాడ్ వేసి సరిపెట్టుకోవడం గురించి. గుర్రం కోలుకున్నాక అది మంచి ఆలోచనే. ఇప్పుడు మాత్రం కాదు. స్వారీ బూటును కొన్ని గంటల పనికోసం తయారుచేస్తారు, దాని అంచులు గట్టిగా ఉంటాయి, రాత్రింబగళ్ళు ఉంచితే మడమల దగ్గర ఒరుసుకుపోయి పుండు పడుతుంది. చికిత్స బూటుకు అడుగు వెడల్పుగా, పై అంచు మెత్తగా ఉంటుంది, ముందు కొన పైకి వాలి ఉండడం వల్ల గుర్రం అడుగు ఎత్తేటప్పుడు గిట్ట తేలికగా దొర్లుతుంది. నొప్పితో ఉన్న గుర్రానికి అన్నిటికంటే ముఖ్యమైనది ఆ దొర్లడమే. బూటు ఏ కంపెనీదైనా సరే, ముందు అంచు నిటారుగా నేలకు దిగి ఉంటే నేను దాన్ని పక్కన పెడతాను.

బీచ్ గుర్రాలు (జవాబు)

మేము ఆర్కే బీచ్ వైపు గుర్రాలను నడుపుతాం. ఒక్క విషయం చేర్చాలనిపించింది. వెల్క్రో పట్టీలున్న బూట్లలో ఇసుక చేరితే పట్టు పోతుంది, ఉప్పు నీటికి లోహపు బకిల్స్ తుప్పు పడతాయి. స్కూట్ బూట్‌కు వెల్క్రో లేదు, నీరు పోయే కన్నాలు ఉన్నాయి, అందువల్ల మన తీరానికి అది నాకు నచ్చింది, కానీ అది పైన చెప్పినట్టు స్వారీ బూటే. చికిత్స బూటు తొడిగిన గుర్రాన్ని తీరానికి తీసుకువెళ్ళవద్దని నా మనవి. ఇసుక లోపలికి చేరి ప్యాడ్‌కీ గిట్టకూ మధ్య గరుకు కాగితంలా పనిచేస్తుంది. బూటు వేస్తే నడుస్తోంది కదా అని సాయంత్రం రెండు రౌండ్లు తిప్పేవారిని చూశాను. జబ్బుతో పనికి తగని స్థితిలో ఉన్న జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా.

గుర్రాల వైద్యం (జవాబు)

నేను పశువైద్యుడిని. పై జవాబులతో చాలావరకు ఏకీభవిస్తున్నాను, అయితే బూటు కంటే ముందు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. నొప్పి ఒక్క కాలికే, ఉన్నట్టుండి, కాలు నేల మీద పెట్టలేనంతగా వస్తే అది గిట్టలో చీము పట్టడం కావచ్చు. అప్పుడు చీము బయటికి వచ్చే దారి చేయాలి, బూటు కేవలం కట్టును కాపాడడానికే పనికొస్తుంది. మడమ భాగంలోని నావిక్యులర్ ఎముక దగ్గర నొప్పికి మడమ ఎత్తు చేసే ప్యాడ్ మేలు చేయవచ్చు. మీ గుర్రం రెండు ముందు కాళ్ళతోనూ బాధపడుతోంది, నిలబడే తీరు కూడా లామినైటిస్‌దే కాబట్టి మీ వైద్యుల నిర్ధారణ సరైనదిగానే తోస్తోంది.

కారణం దొరకకపోతే ఎంత ఖరీదైన బూటైనా నొప్పిని కప్పిపుచ్చడమే అవుతుంది. దాణాలో ఉలవలు, తవుడు ఎంత పెడుతున్నారు? బీచ్‌లో పిల్లలు ముచ్చటపడి పెట్టే బెల్లం ముక్కల సంగతేమిటి? గుర్రం మెడ పైభాగం కొవ్వుతో గట్టిపడి ఉంటే రక్తంలో ఇన్సులిన్ పరీక్ష చేయించండి. బెల్లం, ధాన్యం పూర్తిగా ఆపి, ఎండుగడ్డిని గంటసేపు నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి పెడితే గడ్డిలోని చక్కెర కొంత తగ్గుతుంది. అయితే పస్తు పెట్టవద్దు. రోజుకు శరీర బరువులో కనీసం ఒకటిన్నర శాతం ఎండు మేత అందాలి, లేకపోతే కొవ్వు రక్తంలోకి చేరి మరో ప్రమాదం వస్తుంది.

ఎక్స్‌రేను కాలి పక్క నుంచి, గిట్ట ముందు గోడ మీద ఒక లోహపు తీగ అంటించి తీయించండి. గిట్ట లోపలి ఎముక ముందు భాగం గోడకు సమాంతరంగా ఉందా, దాని కొన కిందికి తిరిగిందా, అరికాలి మందం ఎంత ఉంది అన్నవి దానిలో తెలుస్తాయి. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి ఎముక కొన కింద అరికాలు దాదాపు 15 మిల్లీమీటర్లు ఉండాలని లెక్క.

జెల్ కావాలా, ఫోమ్ కావాలా అన్నదానికి నేను ఒకే జవాబు చెప్పలేను. జెల్ ఎక్కువ కాలం మన్నుతుంది, ఒత్తిడిని సమానంగా పంచుతుంది, కానీ బరువుగా ఉంటుంది, దానిని కత్తిరించి ఆకారం మార్చడం కష్టం. ఫోమ్ త్వరగా నలిగిపోతుంది, అయితే అది నలిగిన తీరు చూస్తే గుర్రం బరువు ఎక్కడ వేస్తోందో తెలుస్తుంది, కొత్తది కత్తిరించుకోవడం సులభం. విశాఖలో ఉండి, మార్పిడి జెల్ కోసం మళ్ళీ విదేశానికి ఆర్డరు పెట్టాల్సిన పరిస్థితిలో, నేనైతే ఫోమ్ వైపే ఉంటాను.

తేమ గురించి మీ భయం న్యాయమైనదే. రోజుకు కనీసం ఒకసారి, వానాకాలంలో రెండుసార్లు బూట్లు విప్పి, గిట్టలను శుభ్రం చేసి, పూర్తిగా ఆరనిచ్చి తొడగాలి. అడుగున మధ్యలో ఫ్రాగ్ అని పిలిచే మెత్తటి త్రికోణపు భాగం పక్కల నుంచి నల్లటి, దుర్వాసన కొట్టే పదార్థం వస్తుంటే అది థ్రష్. దానికి మైలుతుత్తాన్ని గాఢంగా కలిపి పోసే అలవాటు మన ప్రాంతంలో ఉంది, అది పచ్చి కణజాలాన్ని కాల్చేస్తుంది, కాబట్టి వైద్యులు చెప్పిన పాళ్ళలోనే వాడండి. వీలైతే రెండు జతల ప్యాడ్లు ఉంచుకుని, ఒకటి ఎండుతుండగా రెండోది వేయండి.

భీమిలి దారి

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఉలవలూ బెల్లమూ ఆపేశాం. నాడాలు నెమ్మదిగా తీయించి గిట్టలు చెక్కించాం. ఎక్స్‌రే కూడా వచ్చింది. రెండు కాళ్ళలోనూ ఎముక కొన కొద్దిగా కిందికి తిరిగింది, అరికాలు 9 మిల్లీమీటర్లే ఉందన్నారు. మడమ ఎత్తుచేసే ప్యాడ్ కూడా బూట్లతో పాటే తెప్పించమంటారా? బూట్లు వచ్చేదాకా ఏం చేయాలి?

గుర్రాల వైద్యం

మడమ ప్యాడ్‌ను మీ అంతట మీరు వేయవద్దు. మడమ ఎత్తితే గిట్ట ఎముకను వెనక్కి లాగే స్నాయువు బిగువు తగ్గుతుంది, నిజమే, కానీ బరువు ముందు కొన మీదికి, అంటే అరికాలు పల్చబడిన చోటికే జరగవచ్చు. ఎంత ఎత్తు, అసలు కావాలా వద్దా అన్నది ఆ ఎక్స్‌రే ఎదురుగా పెట్టుకుని మీ వైద్యులు నిర్ణయించాలి. 9 మిల్లీమీటర్లు పల్చనే కాబట్టి ప్యాడ్ మెత్తగా ఉండడం, ఫ్రాగ్ ముందు మొన దాటాక అరికాలికి ఒత్తిడి తగలకపోవడం ముఖ్యం. బరువును ఫ్రాగూ, మడమల వైపు భాగమూ మోయాలి.

నాడాల పని

బూట్లు వచ్చేదాకా ఇలా చేయండి. రెండంగుళాల మందమున్న గట్టి ఫోమ్ షీటును గిట్ట ఆకారానికి కత్తిరించి, వెడల్పాటి డక్ట్ టేపుతో గిట్టకు చుట్టండి. మామూలు ప్యాకింగు థర్మకోల్ ఒక్క పూటలో పిండి అవుతుంది, చెప్పులకు వాడే ఈవీఏ షీటును పొరలుగా అతికించినది మేలు, చెప్పులు తయారుచేసేవారిని అడిగితే దొరుకుతుంది. మొదటి పొర నలిగి పల్చబడ్డాక, ఫ్రాగ్ మొనకు ముందున్న భాగాన్ని కోసేసి, దాని కింద కొత్త పొర వేస్తే డాక్టరు గారు చెప్పిన చోట ఖాళీ దానంతటదే వస్తుంది. టేపు గిట్ట మీదే ఆగాలి, వెంట్రుకలు మొదలయ్యే గీత పైకి ఎక్కితే బిగుసుకుని వాపు వస్తుంది.

గుర్రం నిలబడే చోట ఇసుకను మోకాలి కింద సగం దాకా పోయించండి, తనకు హాయిగా ఉన్న వాలులో అదే గిట్టను కుదుర్చుకుంటుంది. కొనే ఇసుకే వాడండి, ఎర్రమట్టి దిబ్బలు దగ్గరే కదా అని అటు చూడవద్దు, అక్కడ తవ్వకాలు నిషిద్ధం. మేతను మాత్రం ఆ ఇసుక మీద వేయకుండా తొట్టిలోనే పెట్టాలి, గడ్డితో పాటు ఇసుక కడుపులోకి పోతే శూల నొప్పి వస్తుంది.

బూట్లు అందాక మొదటి రోజు గంటసేపే తొడిగి, విప్పి, మడమల పైన చర్మం ఎర్రబడిందేమో వేలితో తడిమి చూడండి. ఒరుపు కనిపిస్తే పాత నూలు మేజోళ్ళ ముందు భాగం కత్తిరించి గిట్టకు తొడిగి, దాని మీద బూటు వేయవచ్చు. కొత్త గోడ పైనుంచి కింది దాకా పెరగడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది కాబట్టి, నాలుగైదు వారాలకోసారి చెక్కించిన ప్రతిసారీ కొలత మళ్ళీ చూసుకోండి. గిట్ట సరైన ఆకారానికి వచ్చేకొద్దీ పొడవు తగ్గుతుంది, ఈ జత వదులయ్యే రోజు రావచ్చు. అందుకే ముందు రెండు కాళ్ళకు ఒక్క జతే ఆర్డరు పెట్టండి, ప్యాడ్లు మాత్రం రెండు జతలు తీసుకోండి.