రాన్సియేర్‌ని చదివితే సీమ నీళ్ల రాజకీయం ఏమైనా తెలుస్తుందా?

అనంతపురం పీజీ:
అన్నలూ, అక్కలూ, ఒక డౌట్. ఫ్రెంచ్ తత్వవేత్త జాక్ రాన్సియేర్ 1995 నాటి పుస్తకం ‘డిస్అగ్రిమెంట్’ ఇంగ్లిషులో చదువుతున్నా. ఆయన లెక్కలో ఎన్నికలు, అసెంబ్లీ, జీవోలు అసలు రాజకీయమే కాదు. ఎవరు ఎక్కడుండాలి, ఎవరిది మాట, ఎవరిది వట్టి గోల అని ముందే పంచిపెట్టేసిన ఏర్పాటు అంతే. ఆ పంపకంలో వాటా లేనివాళ్లు మేమూ సమానమే అన్నట్టు నడుచుకున్నప్పుడే రాజకీయం మొదలవుతుందట. వినడానికి బాగుంది కానీ మా రూమ్మేట్ "పారిస్‌లో కూర్చుని రాసినదానికి, మన కరువుకి ఏం సంబంధం రా" అంటున్నాడు.

కర్నూలోడు:
సంబంధం లేకేం తమ్ముడూ. 1996 నాటి జీవో 69 తీసుకో. శ్రీశైలంలో కనీస నీటిమట్టాన్ని 854 అడుగుల నుంచి 834కి దించారు. చూస్తే ఇంజినీర్ల లెక్క, అందులో రాజకీయమే కనపడదు. కానీ మట్టం 854 కిందికి పోతే శ్రీశైలం నుంచి సీమకి నీళ్లు తీసుకునే పోతిరెడ్డిపాడు తూముకి నీళ్లు సరిగా ఎక్కవు, దిగువకి తోడేస్తుంటే మనం చూస్తూ నిలబడాల్సిందే. (2004లో జీవో 107తో మళ్లీ 854 అన్నారు, అది అమలయ్యే తీరు తెలిసిందే.) ఎవరి పొలం లెక్కలోకి వస్తుందో ఒక అంకె తేల్చేసింది. 2016 మే 31న పోలీసులు అడ్డం పడినా, శ్రీశైలానికి ఎగువన కృష్ణ మీద కట్టమని అడుగుతున్న సిద్ధేశ్వరం అలుగుకి రైతులు తామే శంకుస్థాపన చేశారు. అది మంత్రి చేసే పని కదా, శిలాఫలకం మీద పేరు ఆయనదే ఉంటుంది కదా. ఎవరినీ అడక్కుండా ఆ పని రైతు చేశాడు.

కడప పెన్నా:
చేశారు సరే, ఆ తర్వాత? 2022లో అక్కడ కేబుల్ వంతెన మంజూరైంది, వంతెనతో పాటు బ్యారేజీ కట్టండి మహాప్రభో అని మనవాళ్లు మొత్తుకుంటూనే ఉన్నారు. ఒక్కరోజుకి రాజకీయం అని పేరు పెట్టి మురిసిపోతే మిగతా 364 రోజులు కాంట్రాక్టర్లవే. ఈ విషయంలో ఇంకో ఫ్రెంచ్ తత్వవేత్త బడియూ నయం, ఘటన జరిగితే సరిపోదు, దాన్ని పట్టుకుని వదలకుండా పనిచేయాలంటాడు. రాన్సియేర్‌కి పార్టీ అంటేనే అనుమానం. మార్క్సిస్టు తత్వవేత్త అల్తూసర్ శిష్యుడిగా మొదలై 1974లో ఆ గురువు మీదే విమర్శగా పుస్తకం రాసిన మనిషి, ఆ అలర్జీ ఎక్కడికి పోతుంది!

నల్లరేగడి:
సీమకి నీళ్లు అంటే పొలం ఉన్నోళ్లకి నీళ్లు. కౌలుకి చేసేవాడు, కూలికి పోయే ఆమె మీ ఇద్దరి లెక్కలో ఎక్కడున్నారు? ఇక ఆ రూమ్మేట్‌కి మహారాష్ట్రలో 1927 నాటి మహద్ సంగతి చెప్పు. చవదార్ చెరువు అందరిదీ అని మునిసిపాలిటీ ముందే తీర్మానం చేసింది, దళితులు దిగబోతే మాత్రం ఊరు ఒప్పుకోదు. అంబేడ్కర్ వేలమందితో నడిచివెళ్లి దోసిలి పట్టి తాగారు. కొత్త హక్కేం అడగలేదు, ఉన్న కాగితాన్నే నిజం చేశారు. అందుకు జనం దెబ్బలు తిన్నారు, చెరువుకి పేడతో, గోమూత్రంతో ‘శుద్ధి’ జరిగింది. రాన్సియేర్ పుట్టింది 1940లో!

అనంతపురం పీజీ:
కౌలు సంగతి నాకు తట్టనే లేదక్కా. ఆ జీవో 69 కాపీ ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి, ముందు మావాడి మొహాన కొట్టాలి.