అల్‌స్టర్ అంటే తొమ్మిది కౌంటీలా, ఆరా?

ప్రశ్న (నల్గొండ నుంచి)

నేను డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెబుతాను. మొన్న ఐర్లాండ్ విభజన గురించి చెబుతుండగా ఒక విద్యార్థిని లేచి, "వార్తల్లో ఉత్తర ఐర్లాండ్‌నే అల్‌స్టర్ అంటున్నారు, పటంలో మాత్రం అల్‌స్టర్ సరిహద్దుకు అవతల కూడా ఉంది, ఏది సరైనది?" అని అడిగింది. తొమ్మిది కౌంటీలలో ఆరే బ్రిటన్ ఏలుబడిలో మిగిలాయని చెప్పగలిగాను గానీ, తక్కిన మూడింటిని ఎందుకు వదిలేశారో తృప్తిగా వివరించలేకపోయాను. మతమే కారణమని ఒక్క మాటలో తేల్చేయడం నాకు ఇష్టం లేదు. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (గద్వాల నుంచి)

గురువుగారికి నమస్కారం. ఆ అమ్మాయి పట్టుకున్న తేడా నిజమైనదే. ఐర్లాండ్‌కు పూర్వం నుంచీ ఉన్న నాలుగు ప్రావిన్సులలో అల్‌స్టర్ ఒకటి. 1920 నాటి చట్టం దానిలోని ఆరు కౌంటీలను విడదీయగా, 1921 మే నెలలో ఉత్తర ఐర్లాండ్ ఏర్పడింది. డొనెగల్, కావన్, మొనహన్ దక్షిణాది రాజ్యానికి పోయాయి. డొనెగల్‌లోని మాలిన్ హెడ్ దీవి మొత్తానికి ఉత్తరపు కొస అయినా, రాజకీయంగా అది "దక్షిణం"లోనే ఉంది.

ఆ మూడింటిని వదలడానికి కారణం తలల లెక్క. 1911 జనాభా లెక్కల ప్రకారం తొమ్మిది కౌంటీలలో ప్రొటెస్టెంట్లు నూటికి సుమారు 56 మంది. ఆరింటిని మాత్రమే తీసుకుంటే దాదాపు మూడింట రెండు వంతులు. తొమ్మిదింటితో శాసనసభ ఏర్పడితే తమ ఆధిక్యం ఎంతోకాలం నిలవదని యూనియనిస్టు (బ్రిటన్‌తోనే కలిసి ఉండాలనేవారు, ఎక్కువగా ప్రొటెస్టెంట్లు) నాయకులు భయపడ్డారు. అయితే 1912 సెప్టెంబరు 28న, ఐర్లాండ్ స్వపరిపాలనను ఎదిరిస్తామంటూ స్త్రీపురుషులు కలిసి దాదాపు ఐదు లక్షల మంది ఒడంబడిక మీద సంతకాలు చేసినప్పుడు, ఆ మూడు కౌంటీల ప్రొటెస్టెంట్లూ సంతకం పెట్టారు. 1920లో తమ యూనియనిస్టు సంఘమే ఆరింటితో సరిపెట్టుకుంటే, ఇచ్చిన మాట తప్పారని వారి ప్రతినిధులు మొరపెట్టుకున్నారు. వాళ్ల గోడు చాలా పుస్తకాల్లో రెండు వాక్యాలకు మించి కనబడదు, అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఇంకొకటి కూడా చూడండి. ఫర్మానా, టైరోన్ కౌంటీలలో కొద్ది తేడాతో కేథలిక్కులే ఎక్కువ. అయినా వాటిని ఆరింటిలోనే ఉంచారు. గీత మతాన్ని అనుసరించి కూడా సరిగ్గా నడవలేదన్నమాట. దాన్ని సవరించవలసిన సరిహద్దు కమిషన్ నివేదికను 1925లో తొక్కిపెట్టారు.

జవాబు (నాగర్‌కర్నూల్ నుంచి)

పై మిత్రులు చెప్పిన లెక్క సరైనదే, కానీ ఆ లెక్క ఎలా పుట్టిందో చెప్పకపోతే పాఠం సగంలో ఆగిపోతుంది. 1607లో హ్యూ ఓనీల్ మొదలైన గేలిక్ (స్థానిక ఐరిష్) ప్రభువులు దేశం విడిచి వెళ్లాక, వారి భూములను ఇంగ్లండ్ రాజు స్వాధీనం చేసుకొని, 1609 నుంచి ఇంగ్లండ్, స్కాట్లాండ్‌ల నుంచి వచ్చినవారికి పంచిపెట్టించాడు. తరతరాలుగా మతం పేరుతో సాగిన పగకు అడుగున ఉన్నది భూమి. సాయుధ పోరాటం నడిచిన నల్గొండ పిల్లలకు ఈ మాట విడమరిచి చెప్పవలసిన పని ఉండదు.

విభజన తర్వాతి సంగతి కూడా చెప్పండి. ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీ నగరంలో కేథలిక్కులే ఎక్కువమంది అయినా, వార్డుల హద్దులు గీసిన తీరు వల్ల పురపాలన యూనియనిస్టుల చేతిలోనే ఉండేది. ఇల్లు తన పేరున లేనివారికి స్థానిక ఎన్నికల్లో ఓటు ఉండేది కాదు కాబట్టి, ఇళ్ల కేటాయింపే ఓట్ల కేటాయింపు అయింది. పౌరహక్కుల ఉద్యమం అక్కడినుంచే బలం పుంజుకుంది. 1972 జనవరి 30న అదే నగరంలో బ్రిటిష్ సైనికులు పౌరహక్కుల ఊరేగింపుపై కాల్పులు జరిపితే పదముగ్గురు అక్కడే చనిపోయారు, తర్వాత మరొకరు. మూడు దశాబ్దాల హింసలో మొత్తం మీద సుమారు 3,500 మంది ప్రాణాలు పోయాయి.

జవాబు (మక్తల్ నుంచి)

మాకు కృష్ణ దాటితే రాయచూరు. 1956కు ముందు గద్వాల, ఆలంపురం తాలూకాలు ఆ జిల్లాలోవే. రాష్ట్రాలు వేరయ్యాక కూడా పెళ్లి సంబంధాలు అటూ ఇటూ సాగుతూనే ఉన్నాయి. అయినా ఆ పోలికను ఎక్కువ దూరం లాగవద్దని గురువుగారికి నా మనవి. మన గీత ఒకే దేశం లోపలిది, దాని మీద ఎన్నడూ సైనికుల కాపలా లేదు.

అక్కడ 1998 ఏప్రిల్ 10 నాటి గుడ్ ఫ్రైడే ఒప్పందం తర్వాతే సరిహద్దు కావలి బురుజులను తొలగించారు. ఉత్తర ఐర్లాండ్‌వారు తమను బ్రిటిష్‌వారిగానో, ఐరిష్‌వారిగానో, రెండుగానో చెప్పుకోవచ్చని ఆ ఒప్పందం అంగీకరించింది. నాకు దానిలో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ మాటే. 2021 లెక్కల్లో కేథలిక్కులుగా ఉన్నవారు, అలా పెరిగినవారు కలిపి 45.7 శాతం, ప్రొటెస్టెంట్లు, ఇతర క్రైస్తవులు 43.5 శాతం. అందువల్ల విభజన వేళ వేసిన తలల లెక్క ఇప్పుడు నిలవడం లేదు. కేథలిక్కులందరూ ఐర్లాండ్ ఏకీకరణ కోరతారనీ అనుకోకూడదు.

ఇక తొమ్మిదా, ఆరా అన్నదానికి ఆటస్థలమే ఒక సాక్ష్యం. ఐర్లాండ్ సొంత ఆట అయిన గేలిక్ ఫుట్‌బాల్‌లో అల్‌స్టర్ అంటే నేటికీ తొమ్మిది కౌంటీలే. దాని ఫైనల్ ఆట తరచుగా జరిగేది సరిహద్దుకు దక్షిణాన, మొనహన్‌లోని క్లోన్స్ పట్టణంలో.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. సోమవారం తరగతిలో ముందు తొమ్మిది కౌంటీలు గీయించి, ఒక్కొక్కదాని పక్కన 1911 నాటి జనాభా రాయించి, ఆ తర్వాతే సరిహద్దు గీత గీయమంటాను. ఫర్మానా, మొనహన్ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి, ఆ రెండుచోట్లా గీతకు తప్పువైపున మిగిలిపోయినవారు ఎవరో పిల్లలనే చెప్పమంటాను.