వీధి కుక్కని ఇంట్లోకి తెచ్చాక రాత్రి ఎక్కడ పడుకోబెట్టాలి?

పర్లాకిమిడి నుంచి:
వానల్లో తడుస్తుంటే చూడలేక మా సందులోని రెండేళ్ల ఆడకుక్కని ఇంట్లోకి తెచ్చుకున్నాం. వారమైంది. పగలంతా గుమ్మం దగ్గర నిద్ర. రాత్రి పదకొండు దాటితే లేచి తలుపు గీకుతుంది. "వీధికి అలవాటు పడ్డ ప్రాణి, గొలుసేసి అరుగు మీద కట్టేయండి" అంటారు మా మావయ్యగారు. నాకు మనసొప్పడం లేదు. ఏం చెయ్యమంటారు?

రాయగడ నుంచి:
మీ మావయ్యగారు చెప్పిందే సబబమ్మా. స్టేషన్ దగ్గర నాకు టీ బడ్డీ ఉంది. మధ్యాహ్నం బల్ల కింద ఒళ్లు తెలియకుండా పడుకునే కుక్కలే, రాత్రి జనం పలచబడ్డాక రోడ్డంతా తిరుగుతాయి. పగలు నిద్ర, రాత్రి కాపలా. వాటి తీరే అది.

బరంపురం నుంచి:
అన్నయ్యా, అది పుట్టుకతో వచ్చిన తీరు కాదు. పగలు బళ్లు, జనం, ఎండ. రాత్రయితే రోడ్డు ఖాళీ, హోటళ్లు పారబోసిన తిండి దొరుకుతుంది, పక్క వీధి కుక్కలు రాకుండా చూసుకోవాలి. అందుకే మేలుకుంటాయి. అసలు ఏ కుక్కా మనలా ఏకబిగిన నిద్రపోదు. శ్వాననిద్ర అని పెద్దలు ఊరికే అనలేదు. 1993లో ఆస్ట్రేలియా పరిశోధకులు రాత్రిపూట కుక్కల్ని గమనిస్తే, సగటున 16 నిమిషాలు నిద్ర, 5 నిమిషాలు మెలకువ చొప్పున నడిచింది. కాబట్టి అక్కా, అది లేచిందని టెన్షన్ పడకండి. లేచాక మళ్లీ పడుకుంటోందా లేదా, అది చూడండి.

మా కుక్క కూడా వీధిదే. మొదట్లో ముక్కు తోక కిందికి దూర్చి ఉండచుట్టుకుని పడుకునేది. చెంచా కింద పడితే చాలు, లేచి నిలబడేది. ఇరవై రోజులకి ఒక రాత్రి పక్కకి ఒరిగి కాళ్లు బారజాపింది. మూతి అదిరింది, పాదాలు పరిగెడుతున్నట్టు కదిలాయి. కలలొచ్చే నిద్ర అది. నేను లైటు కూడా వెయ్యలేదు.

గొలుసు మాత్రం వద్దు. వేరే కుక్కలు మీదికొస్తే పారిపోలేదు. ఆ భయంతో కునుకు తియ్యదు, రాత్రంతా మొరుగుతుంది.

రాయగడ నుంచి:
గొలుసు మాట ఒప్పుకుంటాను. కానీ దానికి తన గుంపుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, పట్టుకున్న చోటే వదలమనేవి 2023 నాటి ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) నియమాలు. ఆ రెండూ చేయించి తలుపు తియ్యండమ్మా. ఉండాలనుంటే అదే ఉంటుంది. చలికాలం తెల్లారగట్ల మా బడ్డీ పొయ్యి బూడిదలో నాలుగు కుక్కలు ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. ఆ తోడు మీ ఇంట్లో దొరకదు కదా.

బరంపురం నుంచి:
బూడిదలో పడుకునేది ఇష్టమై కాదు, చలికి తట్టుకోలేక.

పర్లాకిమిడి నుంచి:
గొలుసు కట్టను, అది ఖాయం. ఆపరేషన్, టీకా ఈ వారమే చేయిస్తాను. నిన్న రాత్రి దాని గోనెసంచి మా మంచం పక్కకి మార్చాను. రెండుసార్లు లేచి గుమ్మం దాకా వెళ్లి వాసన చూసి, తనంతట తనే తిరిగొచ్చి పడుకుంది. ఉండచుట్టుకునే.