‘గెట్’ పక్కన ఫ్రెంచి మాటల పట్టిక: కంఠతా పట్టాలా, చించేయాలా?

కొత్తబలపం
ఫ్రెంచి ఏ2 స్థాయిలో, అంటే ఆరు మెట్లలో రెండోదాని మీద ఉన్నాను. గెట్, లీవ్, టైమ్ లాంటి ఇంగ్లీషు మాటల దగ్గరే బండి ఆగిపోతోంది. గెట్ పక్కన ఒప్తనీర్, రసవ్వార్, దవనీర్, కోఁప్రాఁద్ర్, ఆరివే అని ఐదు రాసి పెట్టుకున్నాను. వాక్యం రాయబోతే ఏది తీయాలో తోచదు. ఇవాళ ఇరుక్కున్న వాక్యం ఇది: షి గాట్ ఆఫ్ ద బస్, గాట్ లాస్ట్ అండ్ గాట్ హోమ్ లేట్. (ఆమె బస్సు దిగింది, దారి తప్పింది, ఆలస్యంగా ఇల్లు చేరింది.) పట్టిక ఇంకా పెంచాలా, అసలు మానేయాలా?

క్రియాముఖం
చించేయండి. వాక్యంలో మూడు గాట్‌లున్నాయి, మీ పట్టికలో ఐదు మాటలున్నాయి. అందులో ఆరివే ఒక్కటి ఎలాగో సర్దుకుంటుంది, మిగతావి అతకవు. జవాబు ఇది:

ఎల్ ఎ దెసాఁద్యు ద్యు బ్యుస్, సె పెర్ద్యు ఏ ఎ రాఁత్రే తార్.

(ఆ ‘ఏ ఎ’ అచ్చుతప్పు కాదు. మొదటిది రెండు క్రియల్ని కలిపే మాట, రెండోది సహాయక్రియ. దారి తప్పడం స్వార్థక క్రియ (పని చేసినవాళ్ల మీదికే తిరిగొచ్చే క్రియ) కాబట్టి దాని ‘సె’ మూడో క్రియకి పనికిరాదు, ‘ఎ’ మళ్లీ రాయాల్సిందే. కర్త స్త్రీ గనక రాతలో మూడింటికీ చివర ‘ఇ’ (e) అక్షరం చేరుతుంది, పలుకులో వినపడదు.)

ఇంగ్లీషు గెట్ ఖాళీ సంచి. సరుకంతా వెనకొచ్చే ఆఫ్, లాస్ట్, హోమ్‌లలో ఉంది. ఫ్రెంచి ఆ సరుకునే క్రియగా చేసుకుంటుంది. ఆఫ్ అయితే దెసాఁద్ర్, ఆన్ అయితే మోఁతే, అవుట్ అయితే సోర్తీర్, ఇన్ అయితే ఆఁత్రే, అప్ అయితే స లవే, జబ్బు నుంచి తేరుకునే ఓవర్ అయితే స రమెత్ర్ ద. వెనక విశేషణం ఉంటే అదే క్రియ అయిపోతుంది: కోపం వస్తే స ఫాషే, ముసలితనం వస్తే వియెయీర్, లావైతే గ్రోసీర్, తయారైతే స ప్రెపారే. అలాంటి క్రియ దొరకనప్పుడే దవనీర్. పేరు ప్రఖ్యాతులు వస్తే దవనీర్ సెలెబ్ర్, అక్కడ అది సరిపోతుంది. పొద్దుపోతోంది అనడానికి మాత్రం దవనీర్ పెట్టకండి, ఇల్ స ఫె తార్ అంటారు.

పట్టికరాయుడు
పట్టిక చించేయమని చెప్పి డజను వరుసల పట్టిక ఇచ్చారు. భేష్.

కొత్తబలపం గారూ, మీ పట్టిక తప్పుడు పట్టిక, అంతే. అందులో మొదట ఉండాల్సింది అవ్వార్ (కలిగి ఉండటం). ‘నీ మెసేజ్ అందింది’ అంటే జే యు తోఁ మెసాజ్. భూతకాలంలో అవ్వార్‌కి ‘అందింది’ అనే అర్థం వస్తుంది, ఏ2 పుస్తకాలు ఈ సంగతి ఎందుకో దాటేస్తాయి. ఒప్తనీర్ వీసా, డిగ్రీ లాంటివాటికి, అంటే దరఖాస్తు పెట్టి, తిరిగి సంపాదించుకునేవాటికి. ఉత్తరానికి, బహుమతికి రసవ్వార్. వెళ్లి తేవడానికి అలే షెర్షే. జలుబుకి ఆత్రాపే. తన మీద ఎవరో ఏదో చేశారంటే స ఫేర్. సైకిల్ పోయిందనుకోండి: ఎల్ సె ఫె వొలే సోఁ వేలో. ఇక్కడ కర్త స్త్రీ అయినా ‘ఫె’ మారదు, వెనక ఇంకో క్రియ ఉన్నప్పుడు దానికి ‘ఇ’ చేర్చకూడదు. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్లు ఎర్ర సిరా బయటికి తీసేది ఇక్కడే.

ఇవన్నీ కంఠతా రాకపోతే ఏ సందర్భానికి ఏది అని వెతుకుతూ కూర్చుంటారా?

అరసున్న
‘వొలే’కి దొంగిలించడం, ఎగరడం అని రెండు అర్థాలూ వస్తాయి. సైకిల్ ఎగిరిపోయిందనుకున్నాను 🙂

క్రియాముఖం
నేనిచ్చింది మాటల పట్టిక కాదు, వెనక ఏముందో చూసే అలవాటు. తేడా లీవ్ దగ్గర ఇంకా బాగా కనపడుతుంది. మాట పక్కన మాట రాస్తే పార్తీర్, కితే, లెసే, సోర్తీర్ అని నాలుగు వస్తాయి, నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. వెనక ఏముందో చూస్తే తికమకే లేదు. ఊరికే వెళ్లిపోతే పార్తీర్, సహాయక్రియ ఎత్ర్ (ఉండటం). చోటునో మనిషినో వదిలి వెళ్తే కితే, సహాయక్రియ అవ్వార్, కర్మ ఎప్పుడూ ఉండాల్సిందే. ఒక వస్తువును ఎక్కడో ఉంచి వెళ్తే లెసే. మిగిలాయి అనే అర్థమైతే ఇవేవీ కావు, ఇల్ రెస్త్. అంటే రెండు సీట్లు మిగిలుంటే ఇల్ రెస్త్ ద ప్లాస్.

మధ్యముక్క
‘కితే’కి కర్మ ఎప్పుడూ ఉండాలా? మరి ఫోనులో ‘న కితే పా’ అంటారే. లైనులో ఉండండి అని. కర్మ ఏది?

క్రియాముఖం
అది ఫోనులో గడ్డకట్టిపోయిన మాట. నేర్చుకునేవాడికి దానితో పనేమిటి?

మధ్యముక్క
‘ఎప్పుడూ’ అన్నారు కదా అని అడిగాను.

పట్టికరాయుడు
ఇదీ సూత్రాల కథ. ఎప్పుడూ అంటారు, మినహాయింపు చూపిస్తే గడ్డకట్టింది అంటారు. పట్టికలో అయితే ఆరో వరుసలో ‘న కితే పా: లైనులో ఉండండి’ అని రాసుకుంటే గొడవ వదిలేది. మీ సహాయక్రియల సంగతీ అంతే. దెసాఁద్ర్ ఎత్ర్‌తో వెళ్తుంది సరే, మెట్లు దిగినా, పెట్టె కిందికి దించినా అవ్వార్ పడుతుంది: ఎల్ ఆ దెసాఁద్యు లా వలీజ్. ఆ ముక్క చెప్పారా?

క్రియాముఖం
కర్మ వస్తే అవ్వార్ పడుతుందన్నది నేను చెప్పే పద్ధతికే సాక్ష్యం. వెనక ఏముందో చూడండి అనే కదా మొదటి నుంచీ మొత్తుకుంటున్నాను.

అరసున్న
కితే కాదు, కిత్తే అని రాస్తేనే కళ్లకి బాగుంటుంది.

మధ్యముక్క
ఒకే ‘త’ పలుకుతారు. కితే సరైనదే.

క్రియాముఖం
అసలు సంగతి ఎవరూ ఎత్తట్లేదు కాబట్టి నేనే ఎత్తుతాను. మనం ఇంగ్లీషు మీదుగా వెళ్లడమే దండగ. ఇంగ్లీషు కలిపేసిన అర్థాలు తెలుగులో చాలాచోట్ల విడివిడిగానే ఉన్నాయి. ‘ఉత్తరం వచ్చింది’, ‘అర్థమైంది’, ‘బస్సెక్కాను’, ‘తెచ్చిపెట్టు’ అనుకుంటే గెట్ సమస్యే పుట్టదు. టైమ్ కూడా అంతే: ‘మూడు గంటలు’ అయితే అర్, ‘మూడుసార్లు’ అయితే ఫ్వా, ‘తీరిక’ అయితే తాఁ. ‘నాకు ఈత వచ్చు’ అంటే సవ్వార్, కాలికి కట్టుంది గనక ‘ఈదలేను’ అంటే పువ్వార్. ‘మూడేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను’ అన్నప్పుడు మన క్రియ ఎలా ఇంకా జరుగుతున్నట్టే ఉంటుందో, ఫ్రెంచి క్రియ కూడా వర్తమానంలోనే ఉంటుంది: జాబీత్ ఈసీ దప్వీ త్ర్వా జాఁ. ఇంగ్లీషు ‘హావ్ లివ్డ్’ మీదుగా వెళ్లినవాళ్లు ఇక్కడ భూతకాలం వాడి బోల్తా పడతారు. ఉండి వచ్చేసిన మూడేళ్లకి పాఁదాఁ, ఉందామని బయల్దేరుతున్న మూడేళ్లకి పూర్. ఇంగ్లీషులో మూడింటికీ ఫర్ ఒక్కటే.

పట్టికరాయుడు
‘టైమెంతయింది’, ‘నాకు టైము లేదు’ అనని తెలుగువాడిని ఒక్కణ్ణి చూపించండి. మీ తెలుగులోనే అర్, తాఁ కలిసిపోయి కూర్చున్నాయి. ‘సమయానికి వచ్చాడు’ అంటే ఆ లర్‌నా, ఆ తాఁనా? చెప్పిన గంటకి వస్తే ఆ లర్, పుట్టి మునగకముందే వస్తే ఆ తాఁ. తెలుగు మాట ఒక్కటే.

ఇక ‘తెలుసు’ సంగతి. ‘ఆయన నాకు తెలుసు’ కొనెత్ర్. ‘ఆయన వస్తాడని తెలుసు’ సవ్వార్. మీ తెలుగు దారి ఇక్కడ గోతిలో దింపుతుంది. ‘పెట్టు’, ‘పడు’, ‘కొట్టు’ జోలికి నేను వెళ్లనే లేదు.

మధ్యముక్క
‘తెలుసు’ను విడదీయడానికి ఒక చిట్కా ఉంది. ‘అని’ గానీ ‘ఎందుకు, ఎక్కడ’ గానీ ముందుంటే సవ్వార్. మనిషి, ఊరు, పాట ఉంటే కొనెత్ర్. జవాబు, పాఠం లాంటివాటికి రెండూ వింటాం. భూతకాలంలో అర్థం జరుగుతుంది, జాగ్రత్త: జే స్యు అంటే అప్పుడు తెలిసింది, జే కొన్యు అంటే అప్పుడు పరిచయమైంది.

తోకచుక్క
మిస్ సంగతి ఎవరూ మాట్లాడరేం? త్యు మ మాఁక్ అంటే నువ్వు నన్ను మిస్సవుతున్నావనుకుని జవాబిచ్చేవాళ్లని రోజూ చూస్తున్నాం.

క్రియాముఖం
‘నువ్వు నాకు లోటు’ అని చదవండి, కర్త ఎవరో తెలిసిపోతుంది: కర్త నువ్వు, బెంగ నాది. రైలైతే రాతే. మాఁకే ద అంటే కొరత. మళ్లీ తెలుగే కాపాడింది, రాయుడు గారు గమనించగలరు.

పట్టికరాయుడు
గమనించాను. ‘నువ్వు నాకు లోటు’ అని ఏ తెలుగువాడూ అనడని కూడా గమనించాను. ఫ్రెంచి ముందే తెలిసినవాడు దానికి సరిపడా తెలుగు వండి, చూశారా తెలుగే కాపాడింది అంటున్నాడు. ఇది బోధన కాదు, గారడీ.

క్రియాముఖం
పట్టికలు అమ్ముకునేవాళ్లకి గారడీలాగే కనిపిస్తుంది.

కాపలాదారు
ఇద్దరి చెరో వ్యాఖ్య తీసేశాను. విషయానికి రండి.

పట్టికరాయుడు
వస్తున్నాను. మీరు చెప్పే ‘వెనక ఏముందో చూడు’ అన్నది వెనక ఏదో ఒకటి ఉన్నప్పుడు కదా! యాప్‌లు ఫ్రెంచిలోకి మార్చేవాళ్ల ముందుకి వాక్యం రాదు, ఒంటరి మాట వస్తుంది. ఓపెన్. బటనైతే ఉవ్రీర్, దుకాణం తెరిచి ఉందనే బోర్డైతే ఉవేర్. ఫ్రీ. డబ్బు కట్టక్కర్లేదంటే గ్రాత్వీ, సీటు ఖాళీ అంటే లీబ్ర్. సేవ్. ఫైలుకి ఆఁరజిస్త్రే, డబ్బుకి ఎకొనొమిజే. హోమ్. మొదటి పేజీకి ఆకేయ్, చిరునామాకి దొమిసీల్. ఆర్డర్. కొన్నదానికి కొమాఁద్, వరసకి ఒర్ద్ర్. వీటి మధ్య నుంచి ‘తెలుగులో అనుకో’ అంటే ఏమనుకోవాలి? ఇంగ్లీషే నా ముడిసరుకు. దాన్ని పక్కన పెడితే చేసే పనే ఉండదు.

యాప్‌లో కనిపించే మాటల్ని అనువాదానికి వరుసలుగా పెట్టే గెట్‌టెక్స్ట్ ఫైళ్లలో ఇంకో చిక్కుంది. ఒకే ఇంగ్లీషు మాట పది చోట్ల ఉన్నా, సందర్భం రాసే గడి ఖాళీగా ఉంటే అన్నీ కలిసి ఒకే వరుసగా వస్తాయి. బటన్ చూసి ఉవ్రీర్ రాస్తే దుకాణం బోర్డు మీదా ఉవ్రీర్ అనే పడుతుంది. అప్పుడు ప్రోగ్రామర్‌కి చెప్పి, ఎంఎస్‌జీసీటీఎక్స్‌టీ అనే ఆ సందర్భం గడిలో ఒకదానికి ‘బటన్’, ఇంకోదానికి ‘దుకాణం స్థితి’ అని రాయించి రెండు వరుసలుగా విడదీయించాలి. ఏ మాట విడదీయించాలో ముందే పసిగట్టాలంటే ఆ మాటకి ఫ్రెంచిలో ఎన్ని ముఖాలున్నాయో బుర్రలో ఉండాలి. అది పట్టిక కాకపోతే మరేమిటి?

క్రియాముఖం
ఈ మాట మొదటి పోస్టులో చెప్పొచ్చుగా! మీరు అనువాదం చేసేవాళ్ల గురించి మాట్లాడుతున్నారని ఇప్పటిదాకా ఎవరికి తెలుసు? అడిగిన మనిషి ఏ2లో ఉన్నారు. ఫ్రెంచి నేర్చుకునేవాళ్లు రాసే డెల్ఫ్ ఏ2 పరీక్షలో అనువాదం ప్రశ్నే లేదు. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం, ఒక్కోదానికి 25 మార్కులు, మొత్తం 50 వస్తే గట్టెక్కినట్టు, ఏ భాగంలోనూ 5కి తగ్గకూడదు. ఆ మనిషికి గెట్‌తో పనే లేదు, తన మనసులో ఉన్న సంగతితో పని.

పట్టికరాయుడు
అడిగిన మనిషి ఇంగ్లీషు వాక్యం పెట్టి ఫ్రెంచిలోకి ఎలా అని అడిగారు. అది అనువాదం కాదా? మీరు ప్రశ్న మార్చేసి జవాబిచ్చారు.

క్రియాముఖం
ప్రశ్నే తప్పుగా ఉంటే మార్చాలి.

మధ్యముక్క
ఒక్క మాట. ఇంగ్లీషు క్రియ చెప్పే కదలిక తీరు ఫ్రెంచిలో తోకగా మారుతుంది అని ‘వినే’, ‘డార్బెల్నే’ అనే ఇద్దరు భాషావేత్తలు 1958లోనే ఉదాహరణలతో రాశారు. ‘స్వామ్ అక్రాస్’ అంటే త్రావెర్సే ఆ లా నాజ్, దాటడం క్రియ, ఈత తోక. ఇంగ్లీషును పక్కన పెట్టకుండానే ఆ పని జరిగింది. క్రియాముఖం గారి సూత్రం రాయుడు గారి పనికీ పనికొస్తుంది కదా?

పట్టికరాయుడు
వాక్యం ఉంటే పనికొస్తుంది, ఒప్పుకుంటాను. ఇకమీద నా పట్టికలో మాట పక్కన వెనకొచ్చేదీ రాస్తాను. బటన్లకి మాత్రం నా దారి నాదే.

క్రియాముఖం
బటన్ల గురించి నేనెప్పుడు మాట్లాడాను?

కొత్తబలపం
గొడవ మొదలెట్టింది నేనే కాబట్టి ఒకటి ప్రయత్నించాను. ‘ఆరింటికి ఆఫీసు వదిలాను, బ్యాగు అక్కడే ఉంచేశాను, ఇక ఎవరూ మిగల్లేదు.’ ఇంగ్లీషులో మూడూ లీవే. నా జవాబు: జే కితే ల బ్యురో ఆ సిజర్ ఏ జి ఏ లెసే మోఁ సాక్, ఇల్ న రెస్తె పెర్సొన్.

క్రియాముఖం
మూడు క్రియలూ సరిగ్గా పడ్డాయి. ‘అక్కడే’కి ‘జి’లో ఉన్న ‘ఇ’ (y) పెట్టడం కూడా బాగుంది. ఒక్క చోట, ‘ఇక’ అన్నారు కదా, దానికి ప్ల్యు కావాలి: ఇల్ న రెస్తె ప్ల్యు పెర్సొన్.

పట్టికరాయుడు
బ్యాగు మరిచిపోయి వస్తే లెసే కాదు, ఉబ్లియే. ఇంగ్లీషులో అదీ లీవే.

కొత్తబలపం
కావాలనే ఉంచాను 🙂