సెవెన్త్ సీ: తెలుగు బ్యాచ్‌కి ఏ ఎడిషన్ నయం?

పగడాల_పడవ: బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఐదుగురం ఉన్నాం, ఆదివారాలు ఖాళీ. సెవెన్త్ సీ, అంటే ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా ఓడల, కత్తుల కథ ఆడే రోల్‌ప్లేయింగ్ ఆట, మొదలెడదామని. 1999 నాటి మొదటి ఎడిషన్ తీసుకోవాలా, 2016దా? కూర్చోడానికి చోటెక్కడ? ఆటంతా తెలుగులోనే ఆడాలి.

కత్తి_కోటయ్య: రెండోదే తీసుకోండి, కానీ ఒక్కడికే డ్యూయలిస్ట్ (కత్తి బడిలో నేర్చిన పోరాటగాడు) పాత్ర ఇవ్వకండి. మా టేబుల్ అక్కడే చెడింది. మామూలు క్యారెక్టర్ ఒక రైజ్ (డైస్ కలిపి పది చేస్తే ఒకటి వస్తుంది) పెడితే శత్రువుకి ఒక్క గాయం. డ్యూయలిస్ట్ స్లాష్ అనే దెబ్బ కొడితే వెపనరీ (ఆయుధ నైపుణ్యం) ర్యాంకు ఎంతో అన్ని గాయాలు! మిగతావాళ్లం చూస్తూ కూర్చోవాలా?

డైస్_దేవర: తప్పు ఆటది కాదు, మీ జీఎంది, అదే ఆట నడిపేవాడిది. నేను ఏళ్లుగా నడుపుతున్నా. ఒకే మాన్యూవర్ (స్లాష్ లాంటి కత్తి ఎత్తు) వరసగా రెండుసార్లు వాడకూడదని రూలుంది, తెలుసా? ఓడకి నిప్పు పెట్టండి, రైజ్‌లన్నీ కత్తికే ఎలా పెడతాడో చూద్దాం.

కత్తి_కోటయ్య: తెలుసండీ. స్లాష్, ప్యారీ (దెబ్బ కాచుకోవడం), మళ్లీ స్లాష్. రూలు చదవకుండా మాట్లాడట్లేదు. నిప్పూ పెట్టారు. ఆర్పింది నేను, విలన్‌ని కొట్టింది అతను.

డైస్_దేవర: డ్యూయలిస్ట్ అకాడమీకి అతను క్యారెక్టర్ తయారుచేసేటప్పుడే ఐదు పాయింట్లు పోశాడు. మీ ఐదూ ఎక్కడ పెట్టారో చెప్పండి ముందు.

బందరు_బిడ్డ: అసలు ఆటలోని కల్పిత లోకం థేయా దాకా ఎందుకు? 1605లోనే డచ్చివాళ్లు మచిలీపట్నంలో దిగారు, 1611లో ఇంగ్లీషువాళ్లు. పైన గోల్కొండ సుల్తాను, రేవులో కలంకారీ మూటలు. మేం అదే ఆడాం. సుంకం ఎగ్గొట్టి పారిపోతుంటే మా సరంగుకి పది ముఖాల డైస్ మీద ఏడు, మూడు, ఆరు, నాలుగు పడ్డాయి. ఏడూ మూడూ పది, ఆరూ నాలుగూ పది: రెండు రైజ్‌లు. ఒకటితో చుక్కాని తిప్పింది. రెండోదాంతో మూటలు కాపాడుకోవచ్చు, కానీ నీళ్లలో పడ్డ సుంకం బంట్రోతుని పైకి లాగింది. మూటలు పోయాయి. టేబులంతా చప్పట్లు!

జేపీనగర్_జమున: మొదటి ఎడిషన్‌ని అందరూ వదిలేశారే! గుప్పెడు డైస్ వేసి మంచివి ఉంచుకోవడం, పది పడితే మళ్లీ వేయడం, ఆ టెన్షనే వేరు. రెండోదాంట్లో ఒక్క రైజ్ వస్తే చాలు, అనుకున్న పని అయిపోతుంది. భయమేది?

డైస్_దేవర: జమున గారూ, పని అవుతుంది, దాని వల్ల ఏం పోతుందన్నదే భయం. బందరు తమ్ముడి మూటలు చూడలేదా?

కత్తి_కోటయ్య: తమ్ముడూ, మీ సరంగు డ్యూయలిస్టా కాదా?

బందరు_బిడ్డ: కాదన్నా. కత్తే లేదు ఆమె దగ్గర.

పగడాల_పడవ: బందరు మాకూ నచ్చింది. చోటు సంగతి ఎవరైనా చెప్పండి. కేఫ్‌లో గంటకోసారి ఏదో ఒకటి ఆర్డర్ చేయమంటున్నారు.

జేపీనగర్_జమున: మా మేడ మీదకి రండి. మొదటి ఎడిషన్ ఆడతామంటేనే.