‘ప్రవాస జర్నలిస్టు’ అనొచ్చా?

మిర్యాలగూడ నుంచి:
అన్నలూ, అక్కలూ, ఒక వ్యాసం రాస్తూ ఆగిపోయాను. సొంత దేశంలో ఉంటే జైలే గతి అని బయటపడ్డ జర్నలిస్టులను ఏమనాలి? పేపర్లలో ‘ప్రవాస జర్నలిస్టు’ అంటున్నారు. నాకైతే డాలస్‌లో సంక్రాంతి ముగ్గుల పోటీలే గుర్తొస్తున్నాయి.

దేవరకొండ నుంచి:
నిజమే తమ్ముడూ. ప్రవాసి సెలవు దొరికితే వచ్చి పోతాడు. ‘బహిష్కృతుడు’ కూడా అతకదు, వీళ్లలో చాలామందిని ఎవరూ ఉత్తర్వు ఇచ్చి వెళ్లగొట్టలేదు. నా ఓటు ‘కాందిశీకుడు’కే. ‘కాందిశీకో భయద్రుతః’ అని అమరకోశం. అంటే భయంతో పరుగెత్తినవాడు. ‘ఏ దిక్కుకు పోదును’ అనే అర్థమున్న ‘కాం దిశం’ నుంచి మాట పుట్టిందంటారు. బర్మా నుంచి వచ్చినవాళ్లను మనం ఇలాగే పిలిచాం.

వీళ్లకు పొలిమేర దాటాక కూడా ఆ ప్రశ్న తీరదు. అమెరికా చేరి రాసుకుంటున్న సౌదీ జర్నలిస్టు జమాల్ ఖషోగ్గీ పెళ్లికి కావాల్సిన కాగితం కోసం 2018 అక్టోబర్ 2న ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌కు వెళ్లాడు. చేసుకోబోయే అమ్మాయి గేటు బయట నిలబడే ఉంది, లోపల చంపేశారు. బెలారస్ జర్నలిస్టు రోమన్ ప్రొటాసెవిచ్‌ను ఏకంగా ఆకాశంలోంచి దింపారు. 2021 మే 23న ఏథెన్స్ నుంచి విల్నియస్ పోతున్న విమానాన్ని, బాంబు ఉందని చెప్పి బెలారస్ రాజధాని మిన్స్క్‌కు మళ్లించి పట్టుకుపోయారు.

నాగర్‌కర్నూల్ నుంచి:
సార్, కాందిశీకుడంటే నాకు మూట సర్దుకుని దిక్కులు చూస్తున్న మనిషి కనబడుతున్నాడు. వీళ్లు వెళ్లాక కూడా కలం దించలేదు, అందుకే కదా వెంటపడుతున్నది! నిజాం కాలంలో రాజకీయ సభను ఇక్కడ జరుపుకోనివ్వకపోతే మనవాళ్లు 1923లో కాకినాడలో, 1926లో బొంబాయిలో పెట్టుకున్నారు. వాళ్లను కాందిశీకులు అన్నామా?

దేవరకొండ నుంచి:
అనలేదమ్మా, ఒప్పుకుంటాను. కానీ కాకినాడ బ్రిటిష్ ఇలాకా, అక్కడ నిజాం పోలీసు చెయ్యి ఆడదు. మన మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యమే ఉన్నా, అది కృష్ణా జిల్లా కిందే ఉండేది. ఇప్పుడు ఆ గీత లెక్కలేదు. స్పైవేర్‌తో ఫోన్‌లోకి దూరుతున్నారు. మనిషి దొరక్కపోతే ఇంట్లోవాళ్ల మీద, ఆస్తి మీద పడతారు. బీబీసీ పర్షియన్‌లో పనిచేసిన దాదాపు 150 మంది తమ ఆస్తులు అమ్ముకోకుండా 2017లో ఇరాన్ కోర్టు ఆపేసింది. 2024 మార్చిలో ఇరాన్ ఇంటర్నేషనల్ టీవీ యాంకర్‌ను లండన్‌లో ఆయన ఇంటి బయటే పొడిచారు.

కాబట్టి వాకిట్లో పోలీసును నిలబెడితే సరిపోదు. ఆశ్రయమిచ్చిన దేశమే ప్రయాణ పత్రం ఇవ్వాలి. పాస్‌పోర్టు రెన్యువల్‌కు మళ్లీ ఆ సొంత దేశపు ఎంబసీ గడపే తొక్కాల్సి వస్తే ఇంకేం ఆశ్రయం? ఇంటర్‌పోల్ రెడ్ నోటీసు, అంటే ఫలానా మనిషిని పట్టుకోమని ఒక దేశం అడిగితే మిగతా దేశాలకు వెళ్లే కబురు, రాగానే బేడీలు వేయకుండా, అడిగింది ఎవరో, ఎందుకో చూడాలి. ఠాణాలో ఫిర్యాదు రాసుకునేవాడు దాన్ని ఏదో ఫోన్ బెదిరింపు అని పక్కన పడేయకూడదు.

మిర్యాలగూడ నుంచి:
మరి ఇలా దేశం దాటినా వెంటాడి అణచడాన్ని ఇంగ్లిష్‌లో ట్రాన్స్‌నేషనల్ రిప్రెషన్ అంటున్నారు కదా, దానికి? ‘బహుళజాతి అణచివేత’ అని రాసి పెట్టుకున్నాను.

నాగర్‌కర్నూల్ నుంచి:
వద్దు తమ్ముడూ, ‘బహుళజాతి’ని కంపెనీలు ఎప్పుడో ఎత్తుకుపోయాయి. ‘సరిహద్దు దాటిన అణచివేత’ అని రాయి. శీర్షికలో ‘దేశం విడిచిన విలేకరులు’ పెట్టు, సార్ మాట వ్యాసం లోపల ఒకచోట వాడుకో. ఆ ఇరాన్ కోర్టు సంగతి మాత్రం మొదటి పేరాలోకి తీసుకురా, కత్తిపోట్ల వార్త అందరూ రాస్తారు.