‘తీవ్రత’ అనే ఒకే మాటతో రెండు పనులా?

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో భూకంపం వచ్చినప్పుడు హైదరాబాదులో మా గోడమీది క్యాలెండరు ఊగింది. వార్తల్లో ‘తీవ్రత 5.3’ అని చదివాం. ‘మన దగ్గర తీవ్రత తక్కువే’ అని మనమే అనుకున్నాం. ఈ రెండు తీవ్రతలూ ఒకటి కావు.

రోట్లో రోకలి పోటు ఒకటే. రోటి పక్కనున్న గిన్నె గలగలమంటుంది, వీధి అరుగు మీద కూర్చున్నవారికి తెలియనే తెలియదు. పోటులోని బలం మాగ్నిట్యూడ్. ఒక్కో చోట తెలిసే అదురు ఇంటెన్సిటీ. మొదటిది ఒక భూకంపానికి ఒకటే. అందులో ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లవుతుంది. రెండోది ఊరూరికీ మారుతుంది, పన్నెండు మెట్ల కొలతలో రోమన్ అంకెలతో రాస్తారు. మొదటిదాన్ని ‘పరిమాణం’ అని, రెండోదాన్ని మాత్రమే ‘తీవ్రత’ అని రాద్దామని నా మనవి.

— (ఒక పాత్రికేయుడి ప్రశ్న) పత్రికలో పనిచేస్తున్నానండి. పరిమాణం అంటే పాఠకుడికి సైజు గుర్తుకొస్తుంది. తీవ్రత అయితే ఇట్టే అర్థమవుతుంది కదా?

— (నా జవాబు) ఇట్టే అర్థమయ్యేదే తప్పుగా అర్థమవుతోందండి. సదిశకు (వెక్టర్‌కు) పరిమాణం, దిశ ఉంటాయని బడిలో చదువుకున్నవాళ్లమే, ఈ మాట మనకు కొత్త కాదు. ‘మా అపార్ట్‌మెంటు 7 తీవ్రత భూకంపాన్ని తట్టుకుంటుంది’ అని ఎవరైనా చెబితే ఏ తీవ్రత అని అడగాలి. 2001 జనవరి 26న భుజ్ భూకంప పరిమాణం 7.7. అక్కడికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాదులోనూ బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. పార్కింగ్ కోసం కింది అంతస్తును గోడలు లేకుండా స్తంభాల మీద నిలిపిన కట్టడాలు అందులో ఎన్నో. ఇల్లు ఎదుర్కొనేది తన కింది నేల అదురునే. అందుకే భూకంపాలకు తగ్గట్టు కట్టడాల డిజైను ఎలా ఉండాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1893 కోడ్‌లో, భవనం ఎంత కుదుపును తట్టుకోవాలన్న లెక్క జోన్‌తో (భూకంప ముప్పును బట్టి విభజించిన ప్రాంతంతో), నేల రకంతో, భవనం బరువుతో మొదలవుతుంది.

‘భూకంప నిరోధక’ అన్న మాట కూడా నాకు మింగుడుపడదు. ఏ ఇల్లూ భూకంపాన్ని నిరోధించదు. పెద్ద అదురుకు గోడలు పగిలినా, కప్పు మనుషుల మీద పడకూడదన్నదే కోడ్ ఉద్దేశం. ‘భూకంపాన్ని తట్టుకునే’ అంటే చాలు. ఆ తట్టుకోవడం కొంతవరకు స్తంభాల్లో నిలువు ఇనుప కడ్డీల చుట్టూ కట్టే రింగుల కొసల్లో ఉంటుంది: కొసను 90 డిగ్రీల దగ్గర ఆపేస్తే కుదుపుకు రింగు విచ్చుకుంటుంది, 135 డిగ్రీలకు లోపలికి వంచితే కాంక్రీటును పట్టి ఉంచుతుంది. ఇల్లు కట్టిస్తున్నవారు కాంక్రీటు పోయకముందే మేస్త్రిని పిలిచి ఆ వంపు చూపించమని అడగండి.